నాలుగో పేరు తర్వాత

రాయి మీద పేర్లు తొమ్మిది, వరుసలు పది. నాలుగో పేరుకీ దాని కింది పేరుకీ మధ్య ఒక వరుస బోడిగా ఉంటుంది. ఈ సంగతి మా దిగువూళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. రాయి ఎగువూరిది, పేర్లు ఎగువూరివి, మనకెందుకులే అనుకుంటారు. బత్యాకి మాత్రం చిన్నప్పట్నుంచీ అది పళ్ళ సందులో ఇరుక్కున్న పీచులా ఉండేది.

ఎగువూరి పెద్దవీధి చివర, బాదం తోట మొదలయ్యే చోట ఉంటుంది ఆ రాయి. యుద్ధాల్లో పోయిన ఎగువూరి కుర్రాళ్ళ పేర్లు, పోయిన క్రమంలో, సీసం అక్షరాల్లో. ఏటా స్మారక దినానికి ముందు ఆదివారం వాటికి నల్లరంగు వెయ్యడం బత్యా వాళ్ళ నాన్న నహూము పని. రాతిపనీ రంగుపనీ రెండూ ఆయన చేతిలోవే. పోస్టు డబ్బాల మీద, ట్రాక్టర్ల మీద, సమాధుల మీద మా రెండూళ్ళలో ఎక్కడ అక్షరం కనపడినా ఆయన రాసిందే. బత్యా పదేళ్ళప్పటి నుంచీ కుంచెలు కడిగి, ఆ తర్వాత తనూ రాయడం నేర్చింది. కానీ ఆ బోడి వరుసని మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనే చిన్న తాపీతో తెల్ల సిమెంటు మెత్తి, నున్నగా రుద్ది వచ్చేవాడు.

"అక్కడ పేరు లేదుగా నాన్నా, మరి రుద్దడం ఎందుకు?"

"బుర్ర తినకే. రంగు కలుపు."

నహూము మొన్న చలికాలంలో పోయాడు. నలభై నిండిన బత్యా ఈ ఏడు మొదటిసారి ఒక్కతే నిచ్చెన మోసుకుంటూ ఎగువూరు ఎక్కింది. వానలు బాగా పడ్డ ఏడాది. తెల్ల సిమెంటు ఉబ్బి, పెచ్చులుగా లేచి ఉంది. కుంచె వెనక కొసతో ఒక పెచ్చు గీకింది. కింద కన్నం. వేలిగోరు పట్టేంత గుండ్రటి కన్నం. పక్కది గీకింది. ఇంకోటి. ఇక ఆగుతుందా? మొత్తం వరుస గీకేసింది. ఇరవై ఆరు కన్నాలు.

సీసం అక్షరానికి వెనక కాళ్ళుంటాయి, ఒక్కోదానికి రెండో మూడో. వాటిని రాతిలో దించడానికే కన్నాలు తొలుస్తారు. అంటే ఇక్కడ ఒకప్పుడు అక్షరాలు ఉన్నాయి. ఎవరో పీకేశారు.

"మంచినీళ్ళు తెచ్చాను అమ్మాయ్," అన్న గొంతు వినపడి బత్యా నిచ్చెన మీది నుంచే తిరిగి చూసింది. ఎర్విను. అరవై దాటిన మనిషి, గడకర్రలా నిటారుగా ఉంటాడు. రాయి చుట్టూ గడ్డి పీకేది ఆయనే, స్మారక దినాన ఆ తొమ్మిది పేర్లూ చదివేదీ ఆయనే.

"ఎర్విను గారూ, ఇక్కడ ఎవరి పేరుండేది?"

ఆయన కన్నాల వైపు చూశాడు. చేతిలో గ్లాసు తొణికి నీళ్ళు బూటు మీద పడ్డాయి.

"మీ నాన్న పూడ్చేవాడు," అన్నాడు. "నువ్వూ పూడ్చెయ్."

"పూడుస్తాలెండి. ఏం పూడుస్తున్నానో తెలిస్తే కదా!"

"అది నేను చెప్పాల్సింది కాదమ్మా." గ్లాసు నిచ్చెన మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అంత పెద్దమనిషి అలా తడబడి వెళ్ళడం చూశాక బత్యా ఆ వరుసలో సిమెంటు పెట్టలేదు. మిగతా తొమ్మిదికీ రంగు వేసి దిగింది.

*

నాన్న పనిపెట్టె అడుగున ఒక పొగాకు డబ్బా ఉందని ఆమెకి తెలుసు. ఆయన పోయాక తెరిచి చూసి, మిగులు అక్షరాలు కాబోలు అనుకుని మూసేసింది. సోమవారం పొద్దున్నే ఆ డబ్బా జేబులో వేసుకుని మళ్ళీ ఎక్కింది. పాత గుడ్డలో చుట్టిన సీసం అక్షరాలు, మా లిపిలోవి, పదకొండు. ఒకటి తీసి కన్నాల దగ్గర పెట్టింది. కుదరలేదు. పక్కన పెట్టింది. కుదరలేదు. మూడోచోట కాళ్ళు రెండూ చెప్పులో పాదం దూరినట్టు దూరాయి. చేత్తో తొలిచిన కన్నాలు ఏ రెండూ ఒక్కలా ఉండవు, ఏ అక్షరం చోటు దానిదే. గంటలో పదకొండూ కూర్చున్నాయి.

మురాద్ దర్వీష్.

బత్యా నిచ్చెన దిగి, రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ చదివింది. ఎగువూరివన్నీ హంగరీ నుంచీ చెక్ దేశం నుంచీ వచ్చిన వాళ్ళ పేర్లు. దర్వీష్ అనేది మన పేరు, కుర్దిస్తాన్ కొండల నుంచి వచ్చిన దిగువూరి పేరు. అదీ ఊళ్ళో చిన్నవాళ్ళంతా అత్తా అని పిలిచే నజీమా పుట్టింటి పేరు. అత్త వాళ్ళ ముందుగదిలో గోడకి ఫొటో ఉంది, పెద్ద చెవుల కుర్రాడు, నవ్వు ఆపుకుంటున్నట్టు. "మా అన్న. తోటపనిలో పోయాడు," అనేది అత్త, అంతకుమించి చెప్పేది కాదు.

"ఎంత కండకావరం!" అని పైకే అనేసింది బత్యా. మన పిల్లాడి పేరు పెట్టి మళ్ళీ పీకేస్తారా? అక్షరాలన్నీ ఊడదీసి డబ్బాలో వేసుకుని, నిచ్చెన అక్కడే వదిలేసి దిగువూరికి దాదాపు పరుగెత్తింది.

నజీమా సంఘం హాలు వంటింట్లో ఉంది. మా దిగువూళ్ళో యుద్ధంలో పోయినవాళ్ళు లేరు. అదృష్టమో ఏమో, ఒక్కరూ లేరు. అందుకని ఎప్పుడో పెద్దలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. స్మారక దినం రెండూళ్ళకీ ఎగువూళ్ళో. అది ముగిసి చుక్క పొడవగానే మొదలయ్యే స్వాతంత్ర్య దినం సంబరం దిగువూళ్ళో. వాళ్ళు ఏడుస్తుంటే మనం వండుతాం అని మా కుర్రాళ్ళు వెటకారమాడతారు. నలభై ఏళ్ళుగా ఆ వంటకి పెద్ద నజీమా. అందుకే స్మారక దినాన ఆమె ఒక్కసారి కూడా రాయి దగ్గరికి రాలేదు. ఎవరైనా రమ్మంటే, "కుబ్బే ఎవడు చుడతాడు, నీ మొగుడా?" అనేది.

అప్పుడూ కుబ్బే చుడుతోంది. తడి రవ్వముద్దని అరచేతిలో పల్చగా ఒత్తి, మాంసం పెట్టి, మూతి మూసి, గుండ్రంగా తిప్పి పళ్ళెంలో వేస్తోంది. బత్యా ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేసి, డబ్బా మూత తీసి చూపించింది.

"ఎల్లుండి పదకొండింటి లోపల పెట్టేస్తానత్తా! సీసం కరిగించి మరీ దిగ్గొడతా. పీకినవాడెవడో వచ్చి ఆపమను చూద్దాం!"

నజీమా డబ్బాలోకి చూసింది. చేతిలో ఉన్న కుబ్బే మూతి మూసింది. పళ్ళెంలో పెట్టింది.

"నేనే పీకించా," అంది. "పీకింది మీ నాన్న."

బత్యా డబ్బాకి మూత పెట్టేసింది.

"కూర్చో. ఆ రవ్వ అందుకో. ఊరికే వినడం ఎందుకు, చేతులున్నాయిగా." నజీమా ఇంకో ముద్ద తీసుకుంది. "మేం గుడారాల్లో ఉండేవాళ్ళం అప్పుడు. అన్న ఎగువూరి తోటకి కూలికి కాపలా కాసేవాడు. రాత్రి పది దాటాక తూర్పు కంచె వైపు ఎవరూ తిరగకూడదని వాళ్ళు రూలు పెట్టుకున్నారు. ఎవరు తిరిగినా కాల్చెయ్యమన్నారు. ఎగువూళ్ళో ప్రతివాడికీ చెప్పారు. మావాడికి చెప్పలేదు. కూలివాడికి చెప్పాలని ఎవడికీ తట్టలేదు."

"ఎవరు..."

"ఆ పేర్లు చదివేవాడే. అప్పటికి పంతొమ్మిదేళ్ళు వాడికి. మావాడికి ఇరవై."

బత్యా చేతిలో రవ్వ చిట్లి మాంసం బయటికొచ్చింది. నజీమా దాన్ని లాక్కుని సరిచేసింది.

"రెండేళ్ళకి రాయి వేశారు. అందులో మావాడి పేరూ పెట్టారు, పెద్ద మనసు కదా! నాకప్పుడు పదహారు. అమ్మని తీసుకుని పైకెళ్ళా. అందరి ముందూ చెప్పా. మీరే చంపి, మీ వీరుల్లో కలిపేసుకుని, ఏడాదికోసారి ఏడ్చి మనసు తేలిక చేసుకుంటారా? కుదరదు. తీసెయ్యండి అన్నా. ఎవడూ కదల్లేదు. మీ నాన్న రాళ్ళు కొట్టడం నేర్చుకుంటున్నాడు అప్పుడే. పటకారు తెచ్చి ఒక్కొక్కటే తీశాడు పాపం, ఏడుస్తూనే. ఆనాటి నుంచి ఆ ఎర్వినుతో నేను మాట్లాడలేదు. చచ్చేదాకా మాట్లాడనని అమ్మ తల మీద చెయ్యి పెట్టా."

బత్యా కాసేపు ఓర్చుకుంది. ఎంతసేపని?

"అత్తా, అందుకేనా ఆయన అక్కడ ఆగేది?"

"ఎక్కడ?"

"నాలుగో పేరు తర్వాత. ఏటా ఆగుతాడుగా. మేం చిన్నప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం, ఎనిమిది దాకా వచ్చేది. ఆయాసం కాబోలు అనుకునేవాళ్ళం. మిగతా పేర్ల మధ్య ఆగడు. అక్కడొక్కచోటే."

నజీమా చేతులు ఆగిపోయాయి. నలభై మూడేళ్ళు. ఒక్కసారీ వెళ్ళని మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

"ప్రతి ఏడూనా?" అంది.

"ప్రతి ఏడూ."

*

మంగళవారం మధ్యాహ్నం నిచ్చెన తెచ్చుకునే వంకతో బత్యా ఎర్విను ఇంటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని తెల్లచొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. నజీమా అత్త అంతా చెప్పిందని బత్యా అనగానే సూది పక్కన పెట్టాడు.

"మంచిది," అన్నాడు. "ఆమె ఇంకేమైనా అడిగిందా?"

"లేదండీ. నాకే అడగాలని ఉంది."

ఎర్విను నవ్వలేదు గానీ ముఖం కాస్త సడలింది. "నువ్వు అడక్కుండా ఉంటేనే వింత. ఎవరని రెండుసార్లు అరిచాను. పలికాడు, ఏదో అన్నాడు, నాకు ఆ భాష రాదు. భయపడ్డాను. అంతే." కాసేపటికి మళ్ళీ అన్నాడు. "దీపం పట్టుకుని దగ్గరికెళ్ళి తిప్పి చూశా. జేబుల నిండా పచ్చి బాదంకాయలు. గడ్డిలోకి దొర్లాయి. తూర్పు కంచె దగ్గర చెట్లే ముందు కాస్తాయి, ఇప్పటికీ అంతే. వాటి కోసం వచ్చినట్టున్నాడు. తెల్లారేలోపు అవన్నీ ఏరి పారేశాను, దొంగ అంటారేమోనని. ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచీ నేను బాదం నోట పెట్టను."

అది మాత్రం రెండూళ్ళకీ తెలుసు. ఎర్వినుకి బాదం పడదు, తింటే ఒళ్ళు దద్దుర్లు వస్తాయి అని చెప్పుకుంటారు. ఊరంతా బాదం మీద బతుకుతుంటే ఈయనకి అదే పడకపోవడం ఏం ఖర్మో అని జాలిపడతారు కూడా.

రాత్రి ఎనిమిది కావస్తుండగా బత్యా సంఘం హాలుకి తిరిగి వచ్చింది. నజీమా ఒక్కతే ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"పైకి వెళ్ళావట."

"నిచ్చెన కోసం..."

"నిచ్చెనకి కాళ్ళున్నాయిలే, అదే వచ్చేది. ఏమన్నాడు?"

బత్యా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది. ఆ నోరు తెరుచుకునేలోపు స్మారక దినం మొదలైనట్టు సైరను మోగింది. ఇద్దరూ నిలబడ్డారు. కింద రోడ్డు మీద వెళ్తున్న బస్సు ఆగింది, లోపలి వాళ్ళు సీట్ల మధ్యే లేచి నిలబడ్డారు. నజీమా చేతిలో కత్తి అలాగే ఉంది. నిమిషం గడిచింది, సైరను దిగుతూ దిగుతూ ఆగిపోయింది.

"చెప్పకు," అంది నజీమా. ఉల్లిపాయల వల్లో మరెందువల్లో కళ్ళు తుడుచుకుంది. "నలభై మూడేళ్ళుగా ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగాలని ఉంది నాకు. వాడికొక్కడికే తెలుసు జవాబు. మాట్లాడనని ఒట్టు పెట్టుకుని నా నోరు నేనే కుట్టేసుకున్నా. నీ నోటి ద్వారా వద్దు. అడిగితే నేనే అడుగుతా."

ఏం ప్రశ్న అని అడగడానికి బత్యాకి కూడా ధైర్యం చాల్లేదు.

*

బుధవారం పదకొండింటికి రెండూళ్ళూ రాయి ముందు ఉన్నాయి. తెల్లచొక్కాలు, సగం దించిన జెండా, మడత కుర్చీలు. మా దిగువూరి వాళ్ళం ఎప్పటిలాగే వెనక వరుసల్లో. రాయి మీద ఐదో వరుసలో కన్నాలు అలాగే తెరిచి ఉన్నాయి. ఎగువూరి వాళ్ళు వాటిని చూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

రెండు నిమిషాల సైరను అయ్యాక ఎర్విను మైకు దగ్గరికి వచ్చాడు. కాగితం ఉండదు ఆయన చేతిలో. ఒకటో పేరు. రెండు. మూడు. నాలుగు.

ఆగాడు.

బత్యా అలవాటు ప్రకారం లెక్కపెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఆయన మొదలుపెట్టలేదు. తొమ్మిది. పది. పదిహేను అయ్యింది. జనం కదిలారు. ముందు వరుసలో ఎవరో మంచినీళ్ళు అన్నారు. ఎర్విను అందరి తలల మీదుగా వెనక్కి చూస్తున్నాడు. బత్యా తిరిగి చూసింది.

దారి మొదట్లో నజీమా నిలబడి ఉంది. ఏప్రను విప్పడం కూడా మర్చిపోయింది. మోచేతుల దాకా పిండి. అంత ఎత్తు ఎక్కి వచ్చిన ఆయాసంతో భుజాలు లేచి పడుతున్నాయి.

"మురాద్ దర్వీష్," అంది, మైకు లేకుండానే అందరికీ వినపడేలా.

ఎర్విను రెండు చేతులతో మైకు కాడ పట్టుకున్నాడు.

"ఊఁ, తర్వాతది చదువు," అంది నజీమా. "వాళ్ళ అమ్మలు కూర్చుని ఉన్నారు ఇక్కడ."

ఆయన చదివాడు. మిగిలిన ఐదు పేర్లూ చదివాడు. అయిపోయేసరికి నజీమా లేదు, అప్పటికే దిగిపోతోంది. బత్యా పరుగెత్తి అందుకుంది.

"అత్తా, అక్షరాలు పెట్టెయ్యనా?"

"చారు మాడుతుంది, నడు," అంది నజీమా. మలుపు తిరిగాక మళ్ళీ అంది. "పూడ్చకు మాత్రం. చూద్దాం."

*

చీకటి పడే వేళకి జెండా పైకి వెళ్ళింది. సగం నుంచి చివరిదాకా అది పాకే ఆ కాసేపట్లో ఏడ్చే వాళ్ళు ఏడుస్తూనే ఉంటారు, పిల్లల చేతులు మాత్రం వెనకాల దాచుకున్న ప్లాస్టిక్ సుత్తుల మీద ఉంటాయి. ఆ తర్వాత అందరూ దిగువూరికి దిగారు. దీపాల తోరణాలు, పాటలు, మాంసం కాల్చడానికి అట్టముక్కలతో విసురుతూ బొగ్గులు రాజేసే మగాళ్ళు. ఎవరి నెత్తి దొరికితే వాళ్ళ నెత్తి మీద కీచుమనే సుత్తి దెబ్బ, పిల్లలకి ఆ రాత్రి ఆట అదే.

ఎర్విను ఎప్పుడూ ఈ సంబరానికి రాడు. ఆ రోజు వచ్చాడు. సంఘం హాలు గేటు దగ్గర, లోపలికి రావాలో వద్దో తెలియని పెళ్ళివారి బంధువులా నిలబడ్డాడు. ఒక పిల్లది పోతూ పోతూ ఆయన మోచేతి మీద సుత్తితో కొట్టిపోయింది.

"గేటుకి అడ్డంగా ఎందుకు, వచ్చి కూర్చో," అంది నజీమా. బత్యాని పళ్ళెం తెమ్మంది.

బల్ల మీద అందరి ముందూ ఉన్నట్టే అక్కడా ఒక గిన్నెలో పచ్చి బాదంకాయలు, పక్కన ఉప్పు. పైన నూగుతో, లేతగా, తొక్కతోనే కొరుక్కుని తినేవి. బత్యా కుబ్బే పళ్ళెం తెచ్చి పెట్టింది. వెళ్ళిపోవాల్సిందే, కానీ కాళ్ళు కదల్లేదు. నజీమా ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటి అడుగుతా. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"వాణ్ణి కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చారు మా దగ్గరికి. బట్టలు ఇవ్వలేదు. వాడి జేబుల్లో ఏమున్నాయి?"

ఎర్విను ఆమె చేతుల వైపు చూశాడు. నజీమా రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. వేళ్ళు పాలిపోయాయి. అరవైకి దగ్గరపడ్డ మనిషి ముఖంలో పద్నాలుగేళ్ళ పిల్ల ఎదురుచూస్తోంది. ఆ ప్రశ్న ఎందుకో బత్యాకి అప్పుడు అర్థమైంది. ఎర్వినుకీ అర్థమైనట్టే ఉంది.

"రొట్టెముక్క ఉంది," అన్నాడు. "ఇంకేం లేదు."

"బాదంకాయలు?"

"లేవు."

"ఒక్కటి కూడా?"

"నేనే చూశాను. రెండు జేబులూ. లేవు. అటువైపు ఎందుకొచ్చాడో ఏమో, దారి తప్పి ఉంటాడు."

నజీమా బల్ల అంచు వదిలింది. చుట్టూ సుత్తులు కీచుమంటూనే ఉన్నాయి.

"నేనడిగా ఆ రోజు," అంది చివరికి. "సాయంత్రం వాడు బయల్దేరుతుంటే కొంగు పట్టుకుని లాగినట్టు చొక్కా పట్టుకుని అడిగా. పచ్చి బాదం తేకపోతే నీతో మాట్లాడను అన్నా. తూర్పు కంచె దగ్గర ముందు కాస్తాయిగా. నా కోసమే అటు వెళ్ళాడనుకున్నా. ఎవరి మీద అరిచినా, ఎవరిని తిట్టినా, లోపల మాత్రం అదే." ఏప్రనుతో ముఖం తుడుచుకుంది. "మర్చిపోయాడన్నమాట వెధవ. నేనడిగిన సంగతే మర్చిపోయాడు." నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

బత్యా నోరు తెరిచింది. ఎర్విను ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆమె మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక నోటిదాకా వచ్చిన మాటని మింగడం అదే మొదలు.

నజీమా బాదం గిన్నె ఎర్విను ముందుకి తోసింది. "తిను. ఈ ఏడు లేతగా ఉన్నాయి." అని, అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆగింది. "నీకు పడవు కదూ? దద్దుర్లొస్తాయని అంటారు."

"ఎవరన్నారు?" అన్నాడు ఎర్విను.

ఒక కాయ తీసుకున్నాడు. ఉప్పులో అద్దాడు. కొరికాడు. బత్యా ఆయన గొంతు వైపే చూస్తోంది. నమిలాడు, నమిలాడు, మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పులుపా?" అంది నజీమా.

"లేదు, బాగుంది," అని ఇంకోటి తీసుకున్నాడు.